పెన్సిల్ బొమ్మ బాగుంటోంది, రంగు పడగానే చచ్చిపోతోంది. ముందు స్కెచ్ ఎంతవరకు గీయాలి?

ఎండపొడ

అందరికీ నమస్కారం. వాటర్‌కలర్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. నా బొమ్మలు పెన్సిల్‌తో ఉన్నంతసేపే బాగుంటాయి. ఇదీ నా బాధ.

మొన్నటి బొమ్మ సంగతి చెప్తాను. బొమ్మ ఫోటో, నేను చూసి వేసిన గోడ ఫోటో, రెండూ కింద పెట్టాను. ఒక పాత గోడ, దానికి ఆనించిన సైకిల్. సైకిల్ హ్యాండిల్‌కి కాస్త పైన నీలం కిటికీ, ఒక రెక్క తెరిచి ఉంది. కుడివైపు తాడు మీద ఆరేసిన తెల్లచొక్కా. పొద్దుటి ఎండ ఎడమ నుంచి పడుతోంది. మనకు కనపడని చెట్టేదో గోడ మీద నీడ పరిచింది. ఆ నీడ చూసే ఆగాను నిజానికి.

ఫోటో తీసుకుని ఇంటికొచ్చి 11×15 అంగుళాల కాగితం మీద మొదలుపెట్టాను. 300 జీఎస్ఎం మందం, కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ రకం. గీయడానికే మూడు గంటలు పట్టింది. అందులో గంటసేపు సైకిల్ చక్రాలతోనే సరిపోయింది. ఒకటి గుండ్రంగా వస్తే రెండోది కోడిగుడ్డు అవుతుంది. స్పోకులన్నీ గీశాను. గోడకు పెచ్చులూడిన చోట ఇటుకలు కూడా ఒక్కొక్కటే గీశాను. ఇంట్లోవాళ్లకు చూపిస్తే "ఇంక రంగు వెయ్యకు, ఇలాగే ఉంచెయ్" అన్నారు. వినాల్సింది.

రంగు వేశాక చిన్నపిల్లల రంగుల పుస్తకంలా తయారైంది. ప్రతి గీత లోపలా ఒక రంగు నింపినట్టు ఉంది. సైకిల్‌ని కత్తిరించి గోడకు అతికించినట్టుంది. గోడకు వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పల్చటి రంగు, వేస్తుంటే అది చొక్కాలోకి పాకింది, గాభరాగా టిష్యూతో అద్దితే అక్కడ బూడిదరంగు మచ్చ మిగిలింది. చెట్టు నీడ ఆఖర్న వేద్దామని దాచుకున్నాను. తీరా అది సైకిల్ మీద నుంచి వెళ్లాలి కదా, కింద వేసిన రంగంతా కదిలి బురదయింది.

మూడింట ఒక వంతు నియమం కూడా పాటించాను, అదే, బొమ్మని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ఆ గీతలు కలిసే చోట ముఖ్యమైనది పెట్టడం. సైకిల్ సీటు సరిగ్గా గీతలు కలిసే చోటే ఉంది, కావాలంటే స్కేలు పెట్టి చూసుకోండి.

ముందు చిన్న చిన్న స్కెచ్‌లు వేసుకోవాలని చాలామంది అంటుంటారు. అగ్గిపెట్టెంత బొమ్మలో ఏం తెలుస్తుంది? అసలు కాగితం మీద ఎంతవరకు గీసి ఆపాలి? ఇంకోటి, నేను రబ్బరు ఎక్కువ వాడతాను. చెరిపిన చోట రంగు మరోలా పడుతోంది. అది నా భ్రమా?

పాతకుంచె

మీ బొమ్మ ఫోటో ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. చక్రాలు బాగా గీశారు, అది ముందు చెప్పాలి. గీత మీ చేతిలో ఉంది. బొమ్మ చెడింది రంగు దగ్గర కాదు. పెన్సిల్ పట్టుకోకముందే చెడింది.

ఒక పని చేయండి. ఆ ఫోటోనే ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. గోడ, కిటికీ, సైకిల్, నేల, అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ఎరుపు, నీలం, పసుపు అని మీరు రంగులు మార్చారే గానీ వెలుగు మార్చలేదు. నేను కూడా ఇలాగే మూడేళ్లు రంగులు నింపాను. ఆ కాగితాలు ఇప్పటికీ కట్ట కట్టి ఉన్నాయి, వాటి వెనకవైపే చిన్న స్కెచ్‌లు వేసుకుంటుంటాను. పనికొచ్చాయి పాపం.

పెన్సిల్‌తో గీసేటప్పుడు మనం వస్తువుల గురించే ఆలోచిస్తాం. ఇది చక్రం, ఇది కిటికీ, ఇది ఇటుక. వాటర్‌కలర్‌కి వస్తువులు పట్టవు. అది మిమ్మల్ని మొట్టమొదట అడిగేది ఒక్కటే: కాగితం ఎక్కడ కాగితంగా మిగలాలి? నూనెరంగుల్లో తెలుపు చివర్న పెట్టుకోవచ్చు. ఇక్కడ తెలుపంటే కాగితమే, ఒకసారి రంగు పడితే మళ్లీ ఆ తెలుపు రాదు. వాళ్లు ఆఖర్న చేసే పని గురించి మనం అన్నిటికంటే ముందు నిర్ణయించుకోవాలి. మీ చొక్కా అందుకే పోయింది. గోడ వాష్ కలిపాక ఆలోచించారు దాని గురించి.

ఇప్పుడు మీ అగ్గిపెట్టె ప్రశ్న. అంత చిన్నదాంట్లో ఏమీ తెలియకపోవడమే దాని ఉపయోగం. స్పోకులు పట్టవు, ఇటుకలు పట్టవు. మిగిలేవి నాలుగైదు మచ్చలు, వాటి సైజులు, ఏది ముదురు ఏది లేత అన్నదీ. బొమ్మ నిలబడేది వాటి మీదే.

కాగితం 11×15 అంగుళాలైతే చిన్న పెట్టె 5.5×7.5 సెంటీమీటర్లు గీసుకోండి. నిష్పత్తి అదే. ఇది చాదస్తం అనుకోకండి. ఏదో ఒక సైజు పెట్టె గీసి, అందులో బొమ్మ బాగా కుదిరాక పెద్ద కాగితం మీదికి తెస్తే పక్కన రెండంగుళాలు ఖాళీ మిగులుతుంది. దాన్ని నింపడానికి అక్కడో పూలకుండీ పుట్టుకొస్తుంది. నా పాత బొమ్మల్లో ఉన్న పూలకుండీలన్నీ అలా పుట్టినవే. లెక్క వేయడం విసుగైతే, పెద్ద కాగితానికి మూల నుంచి మూలకు ఐమూలగా ఒక గీత ఊహించుకోండి. ఆ మూల నుంచే మొదలుపెట్టి, ఎదుటి మూల ఆ గీత మీదే ఉండేలా ఏ పెట్టె గీసినా నిష్పత్తి తప్పదు.

మొద్దు పెన్సిల్ వాడండి, 4బి లాంటి మెత్తనిది, ములుకు అరిగినదైతే ఇంకా మంచిది. ములుకు సన్నగా ఉంటే చెయ్యి ఊరుకోదు, స్పోకులు గీసేస్తుంది. మూడే మూడు టోన్లు: వదిలేసిన కాగితం, మధ్యస్థం, ముదురు. ఒక్కో దానికి మూడు నాలుగు నిమిషాలు. కళ్లు సగం మూసి గోడ ఫోటో వంక చూస్తే ఆ మూడూ వాటంతటవే విడిపోతాయి.

మీ గోడని నేను కాసేపు వేసి చూశాను, ఇదే బల్ల మీద. మొదటిది మీ గోడ ఫోటో ఉన్నది ఉన్నట్టు: గోడ మధ్యస్థం, సైకిల్ ముదురు, కిటికీ లోపలి చీకటి ముదురు. రెండు ముదుర్లూ సమానంగా ఉండి కొట్టుకుంటున్నాయి, చొక్కాని ఎవరూ చూడరు. రెండోదాంట్లో చెట్టు నీడని కుడికి సాగదీసి చొక్కా వెనక్కి తెచ్చాను. చొక్కాకి నేనేమీ చేయలేదు, అయినా వెలిగిపోయింది. తెలుపు తెలుపని తెలిసేది పక్కన ముదురు ఉన్నప్పుడే. చెట్టు బొమ్మలో లేదు కదా, దాని నీడ ఎంత దూరం పడాలో అడిగేవాళ్లు ఎవరు?

మూడోది నిలువు కాగితంలో వేశాను, బాగాలేదు. సైకిల్ అడ్డంగా సాగే వస్తువు, నిలువులో ఇరుకైపోయింది. నాలుగోది చెప్తాను, మీ "అతికించినట్టుంది" అన్న బాధకు మందు అక్కడుంది. వెనక చక్రాన్ని చెట్టు నీడలో కలిపేశాను. చక్రం అంచు ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలైందో తెలియదు. రెండూ కలిసి ఒకటే ముదురు ఆకారం. ముందు చక్రం మాత్రం ఎండలో స్పష్టంగా ఉంది. మీరు సైకిల్ చుట్టూ ఒకే మందంలో గీత తిప్పి, ఆ గీత దాకా రంగు తెచ్చి ఆపారు. అన్ని అంచులూ ఒకేలా గట్టిగా ఉంటే ఏ వస్తువైనా అతికించినట్టే కనిపిస్తుంది.

ఇంకా చిన్నచిన్నవి రెండు. హ్యాండిల్ కొస సరిగ్గా కిటికీ గడపకు తాకుతోంది. చొక్కా చెయ్యి సరిగ్గా కాగితం కుడి అంచుకు తాకుతోంది. రెండు వస్తువులు అలా ముద్దు పెట్టుకుంటే కన్ను అక్కడే చిక్కుకుంటుంది, ఏది ముందుందో ఏది వెనకుందో తెలియదు. ఒకదాని మీదికి ఒకటి తీసుకెళ్లండి, లేదా విడదీయండి. చిన్న స్కెచ్‌లో ఇది రెండు సెకన్ల పని. మూడు గంటలు గీశాక హ్యాండిల్ జరపడానికి ఎవరికీ మనసొప్పదు, అసలు చిక్కు అదే.

అసలు కాగితం మీద ఎంత గీయాలంటే, కుంచె దారి తప్పకుండా ఉండడానికి ఎంత కావాలో అంతే. చొక్కా హద్దు జాగ్రత్తగా. చక్రాలు, ఫ్రేము కొలతలు సరిగ్గా. కిటికీకి నాలుగు గీతలు. ఇటుకలు వద్దు, అవి కుంచెతో రెండు మూడు చోట్ల చాలు. మీరు గీయనిది ఒకటుంది, అది తప్పకుండా గీయాలి: నీడ. నీడ వస్తువు కాదు గనక దాన్ని ఎవరూ పెన్సిల్‌తో గీయరు. మీరు ఆగిందే ఆ నీడ చూసి అన్నారు, స్కెచ్‌లో చూస్తే అది లేదు! దాని అంచు లేతగా గీసి పెట్టుకుంటే గోడ మీద నుంచి, సైకిల్ మీద నుంచి ఒకే ఊపులో వేసుకుంటూ పోవచ్చు. వేసే వరుస కూడా చిన్న స్కెచ్చే చెప్తుంది. లేత వెచ్చని వాష్ ముందు, చొక్కాని, హ్యాండిల్ మీది మెరుపుని వదిలి అన్నిటి మీదా, సైకిల్‌తో సహా. పూర్తిగా ఆరాక నీడ, ఒక్కసారే, మళ్లీ తడమకుండా. ఆ తర్వాత ముదుర్లు. మీరు సైకిల్ పూర్తిచేసి దాని మీద నీడ రుద్దారు, అందుకే బురద.

మూడింట ఒక వంతు గురించి కూడా ఒక మాట. ఆ పేరుతో దాన్ని 1797లో రాసిపెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. ఆయన మాట్లాడింది ప్రకృతి దృశ్యంలో ఆకాశానికి ఎంత చోటు, నేలకు ఎంత చోటు అన్న వాటాల గురించి. సగం సగం కాకుండా ఒకదానికి రెండు వంతులు ఇవ్వమన్నాడు. గీతలు కలిసే చోట సైకిల్ సీటు తగిలించమనడం తర్వాత వచ్చిన అలవాటు. వాటాల లెక్కన చూస్తే మీ బొమ్మలో ఎండ సగం, నీడ సగం ఉన్నాయి. అక్కడ వాడండి ఆ నియమం.

నీటిచుక్క

పెద్దావిడ చెప్పింది కాదనను గానీ, ఇంత ప్లాన్ వేస్తే బొమ్మ ప్లాన్‌లోనే అయిపోతుంది. తొమ్మిది స్కెచ్‌లు వేశాక పదోసారి అదే గోడ చూడాలంటే నాకైతే ఆవలింత వస్తుంది.

నేను పెన్సిల్ దాదాపు ముట్టను. కాగితం తడిపి, మచ్చలు దించి, ఆరేలోపు ఏం కనిపిస్తే దాన్నే పట్టుకుంటాను. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ ఏం చేశాడు? గీత లేకుండా ఒట్టి రంగు వాష్‌లతో మొదలుపెట్టినవి వందలున్నాయి, 1851లో ఆయన పోయాక స్టూడియోలో దొరికాయి. ఆకాశం ఇంత, నీళ్లు ఇంత, అంతే. వాటిలో ఉన్న ప్రాణం ఏ స్కెచ్‌లో ఉంది?

గీయక తప్పదనుకుంటే అయిదు చుక్కలు పెట్టు తమ్ముడూ. రెండు చక్రాల నడిబొడ్డులు రెండు, సీటు ఒకటి, హ్యాండిల్ ఒకటి, చొక్కా భుజం ఒకటి. మిగతాది కుంచెతో గీయి. కుంచె కూడా గీస్తుంది.

నేను ముందు చేసుకునేది ఒకటే, రంగు పరీక్ష. అదే కాగితం ముక్క అరచేతంత కత్తిరించి, అదే వాష్ వేసి, ఆరాక చూస్తాను. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉందనిపించిన నీడ ఆరాక వెలిసిపోయినట్టుంటుంది. నీ నీడ నీరసంగా ఉండడానికి సగం కారణం అదే. ఆరితే లేతబడుతుందని ముందే తెలిస్తే మొదటిసారే ధైర్యంగా ముదురు కలుపుతావు, రెండోసారి పూయాల్సిన పని ఉండదు. పెన్సిల్ స్కెచ్ ఎన్ని వేసినా ఈ సంగతి చెప్పదు.

పాతకుంచె

రంగు పరీక్ష మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నేను రాయడం మరిచిపోయాను. చిన్న స్కెచ్ తేలాక, పోస్ట్‌కార్డు సైజులో రంగుతో ఒకటి వేసుకోవాలి.

టర్నర్‌ని మాత్రం నాకు వదిలేయండి. ఆయన దేశానికి వదిలిపోయిన వాటిలో దాదాపు 300 స్కెచ్‌బుక్కులున్నాయి. నడుస్తూ, పడవల మీద, కొండల మీద, జీవితమంతా పెన్సిల్‌తో గీస్తూనే ఉన్నాడు. ఆ చెయ్యి వాష్ వేసేటప్పుడు కాగితం మీద గీత కనపడకపోవచ్చు. గీత చేతిలోకి ఎప్పుడో ఎక్కేసింది. మీ చేతిలోకి కూడా ఎక్కే ఉంటుంది, అందుకే అయిదు చుక్కలు మీకు చాలు. ఏడాదిన్నర వాళ్లకు అయిదు చుక్కలిస్తే సైకిల్ కాస్తా గేదె అవుతుంది.

పెద్దావిడ అన్నారు, సంతోషం.

రబ్బరుముక్క

ఎండపొడ గారూ, చెరిపిన చోట రంగు మరోలా పడడం మీ భ్రమ కాదు. వాటర్‌కలర్ కాగితానికి జెలటిన్ లాంటి జిగురు పట్టించి ఉంటుంది. రంగు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైన నిలబడేది దానివల్లే. గట్టి రబ్బరుతో నాలుగుసార్లు రుద్దితే అది లేచిపోతుంది, పైన నూగు కూడా లేస్తుంది. అక్కడ రంగు అద్దుడు కాగితంలోకి పీల్చుకున్నట్టు పీల్చుకుని ముదురు మచ్చ కడుతుంది. పొడిగా ఉన్నప్పుడు కనపడదు, తడి తగిలాకే బయటపడుతుంది. మీ ఫోటోలో ముందు చక్రం చుట్టూ ఉన్న మబ్బులాంటిది అదే అయుంటుంది, చక్రం అక్కడే ఎక్కువసార్లు చెరిపి ఉంటారు.

కాబట్టి కుస్తీ అంతా వేరే కాగితం మీద పట్టండి. మామూలు తెల్లకాగితాలు రెండు అతికించి 11×15 చేసుకుని, అక్కడ చక్రాలు కుదిరేదాకా ఎన్నిసార్లైనా చెరపండి. తేలాక దాన్ని మంచి కాగితం మీదికి దించండి. గీతని నల్ల పెన్నుతో దిద్ది, రెండు కాగితాలూ కిటికీ అద్దానికి అంటిస్తే పగటి వెలుతురులో 300 జీఎస్ఎం గుండా కూడా లీలగా కనిపిస్తుంది. ఇంకా మందం ఉంటే కుదరదు. అప్పుడు స్కెచ్ వెనకవైపు 4బి పెన్సిల్ అడ్డంగా రుద్ది, దూదితో దులిపి, కాగితం మీద పెట్టి ముందు నుంచి బాల్‌పెన్నుతో మెల్లగా దిద్దండి. రెండు మూలల్లో టేపు వేయండి, మధ్యలో ఎత్తి చూసుకోవచ్చు. రంగు మార్చిన పెన్ను వాడితే ఎక్కడిదాకా దిద్దామో తెలుస్తుంది, నేను ఎరుపు వాడతాను. ఆఫీసుల్లో వాడే కార్బన్ కాగితం మాత్రం వద్దు. దాంట్లో మైనం, నూనె ఉంటాయి. ఆ గీత చెరగదు, పైగా నీళ్లని తోసేస్తుంది.

పెన్సిల్ హెచ్‌బీ లేదా 2బి, బరువు వేయకుండా. గట్టి ములుకు 4హెచ్ లేతగా పడుతుంది కదా అని కొందరు వాడతారు. అది కాగితంలో గాడి కొడుతుంది. ఆ గాడిలో రంగు చేరి చెరపలేని ముదురు గీత అవుతుంది. 6బి అయితే అరచెయ్యి తగిలి మసి పూసుకుంటుంది, దాని మీద లేత పసుపు వేస్తే మురికి పసుపు అవుతుంది. గీసిందంతా అయ్యాక, రంగు వేసే ముందు, పిండిలా సాగే రబ్బరుని ముద్దచేసి గీతల మీద అద్దండి. రుద్దొద్దు, అద్ది ఎత్తడమే. సగం గ్రాఫైట్ దానికి అంటుకుని వచ్చేస్తుంది, మనకు మాత్రమే కనిపించేంత గీత మిగులుతుంది. వాష్ కింద పడ్డ గీత ఆరాక సరిగ్గా చెరగదు, అందుకే ముందే.

గీత కనపడకూడదన్న పట్టుదల నాకు లేదు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ వాటర్‌కలర్లలో పెన్సిల్ గీతలు నిక్షేపంలా కనిపిస్తుంటాయి, రంగు ఒకచోట, గీత ఒకచోట. అది తెలిసి ఉంచిన గీత. మసిబారిన గీత వేరు.

మాస్కింగ్ ఫ్లూయిడ్, అంటే రంగు పడకుండా కాగితం మీద పూసి తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం, దాని గురించి మీరు అడగలేదు గానీ అడిగేలోపే చెప్తాను. చొక్కా మొత్తానికి అది పూయకండి. అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది, చొక్కా రేకుతో చేసినట్టుంటుంది. అంత పెద్ద ఆకారాన్ని కుంచెతో తప్పించుకుంటూ వేయడమే మేలు. ఎండలో ఉన్న స్పోకులు రెండు మూడింటికి, హ్యాండిల్ మెరుపుకి వాడుకోవచ్చు. కాగితం ఎముకలా ఎండి ఉండాలి, తీసేటప్పుడు కూడా ఎండే ఉండాలి. రోజుల తరబడి వదిలేస్తే ఊడి రాదు, వస్తే కాగితాన్ని కూడా తీసుకొస్తుంది. మంచి కుంచె ముంచకండి. నాది ఒకటి అలాగే పోయింది, ఇప్పుడు జిగురు పూయడానికి వాడుతున్నాను.

ఎండపొడ

అందరికీ చాలా థాంక్సండీ. వారం పట్టింది, వచ్చి చెప్దామని ఆగాను.

పాత బొమ్మని బ్లాక్ అండ్ వైట్ చేశాను. సైకిల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది, మూడు గంటలు గీసినవాడిని నేనే.

చిన్నవి తొమ్మిది వేశాను. మొదటి అయిదూ దాదాపు ఒకటే, ఫోటోని వదల్లేకపోయాను. ఆరోదాంట్లో విసుగొచ్చి కిటికీ తీసేశాను. ఒక్కసారిగా గోడ ఊపిరి పీల్చుకున్నట్టయింది. కానీ ఉన్నదాన్ని తీసేశానన్న అపరాధభావం పోలేదు, ఏడోదాంట్లో మళ్లీ పెట్టాను, ఎనిమిదిలో పై అంచు దగ్గర సగానికి కోసేశాను. కింది సగం మాత్రమే కనిపిస్తుంది. అదే ఉంచుకున్నాను. హ్యాండిల్ ఇప్పుడు దాన్ని తాకడం లేదు. నీడ చొక్కా వెనక్కి వెళ్లింది. రంగు పరీక్ష కూడా చేశాను, నీటిచుక్క గారు చెప్పినట్టే ఆరాక ఎంత తేలిపోయిందో! మొదటి రెండు ముక్కలూ పారేశాను.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఎనిమిదో చిన్న స్కెచ్‌లో ఒక ఊపుంది. దాన్ని పెద్ద కాగితం సైజులో తెల్లకాగితం మీద గీస్తే ఆ ఊపు లేదు. అవే ఆకారాలు, అవే చోట్లు, కొలిచి మరీ గీశాను. చప్పగా ఉంది. ఎందుకు?

పాతకుంచె

ఎక్కడ మొదలుపెట్టారు? సైకిల్ దగ్గరే కదా?

ఎండపొడ

అవునండీ. ముందు చక్రం దగ్గర.

పాతకుంచె

అక్కడే పోయింది. చిన్నదాంట్లో మీరు ముందు పెట్టె గీశారు, తర్వాత నీడ మచ్చ ఒక్క ఊపులో రుద్దారు, సైకిల్ అందులో ఆఖర్న వచ్చి చేరింది. పెద్దదాంట్లో చక్రంతో మొదలుపెట్టి బయటికి వచ్చారు. వరుస తిరగబడింది.

పెద్దదానికి కూడా మొదటి నాలుగు గీతలు కాగితం అంచులే అనుకోండి. చిన్నదాంట్లో నీడ ఎడమ అంచుని ఎంత ఎత్తులో తాకింది? సగం కంటే కిందా పైనా? కిటికీ పై అంచుని ఎక్కడ తాకింది? ముందు ఆ తాకే చోట్లన్నీ అంచుల మీద చిన్న గుర్తులు పెట్టండి. రెంటికీ నట్టనడుమ నిలువు, అడ్డం లేతగీతలు ఒక్కొక్కటి ఉంటే పోల్చుకోవడం తేలిక, అంతకు మించి గళ్లు వద్దు. తర్వాత పెద్ద ఆకారాలు, భుజం కదిలిస్తూ, నిలబడి. కూర్చుంటే మణికట్టే కదులుతుంది. చక్రాలు అన్నిటికంటే చివర.

ఇంకోటి. మీ చిన్న పెట్టెకీ పెద్ద కాగితానికీ మధ్య పొడవులో అయిదు రెట్ల తేడా ఉంది, వైశాల్యంలో అయితే పాతిక రెట్లు. చిన్నదాంట్లో మొద్దు పెన్సిల్ ఒక్క రుద్దుతో గోడ సగం నిండింది. పెద్దదాంట్లో అదే పెన్సిల్‌తో గోడ నింపాలంటే వంద గీతలు, ఖాళీగా వదలాలంటే భయం, అందుకని ఇటుకలు గీస్తాం. మళ్లీ గీశారు కదూ ఇటుకలు? రంగు వేసేటప్పుడు కూడా అంతే, నీడకు మీ దగ్గరున్న పెద్ద కుంచె తీయండి. ఇది మరీ పెద్దదేమో అనిపించిందంటే సరైనదే పట్టుకున్నారన్నమాట. చిన్న స్కెచ్‌ని పక్కన గోడకు అతికించుకోండి, ఫోటోని లోపల పెట్టేయండి. ఇక నుంచి మీరు చూడాల్సింది స్కెచ్‌నే. ఫోటో ఎదురుగా ఉంటే కిటికీ మళ్లీ కిందికి దిగి వస్తుంది.

కిటికీ గురించి అపరాధభావం పెట్టుకోకండి. ఆ గోడకు మీరు వాంగ్మూలం ఇవ్వడం లేదు.

నీటిచుక్క

నిలబడి వేయడం అనేది నేను చెప్పాల్సింది. ముందే చెప్పేశారు పెద్దావిడ.

ఎండపొడ

ఇటుకలు గీశానండీ. ఎలా కనిపెట్టారో.

నిన్న వేశాను. ఫోటో కింద పెట్టాను. గుర్తులు, పెద్ద ఆకారాలు, చక్రాలు చివర, ఆ వరుసలోనే. తెల్లకాగితం మీద గీయడానికి ముప్పావుగంట, దించడానికి పావుగంట. 4బి కొంచెం ఎక్కువే రుద్దినట్టున్నాను, చొక్కా కింద లేత మసి మిగిలింది. నీడ ఒక్కసారే వేశాను. మధ్యలో సైకిల్ ఫ్రేము దగ్గర చెయ్యి ఆగబోయింది, ఆపలేదు. ఒకచోట ఇంకా తడిగా ఉండగానే కెలికాను, కాలీఫ్లవర్‌లాంటి మచ్చ వచ్చింది, కుడివైపు కింద చూడండి. చొక్కా మాత్రం తెల్లగా మిగిలింది. దాని మీద నేను వేసింది మడతలకు రెండు లేత నీలం గీతలు, అంతే.

ఇంట్లోవాళ్లకు చూపించాను. "వెనక చక్రం ఏది?" అన్నారు. నీడలో ఉందన్నాను. దగ్గరికి తీసుకుని చూశారు, దూరంగా పెట్టి చూశారు. "ఆ, ఉంది" అన్నారు.